సొంత స్థలంలోని వేపచెట్టు పక్కింటి వైపు ఒరిగింది: కొట్టించడానికి అనుమతి ఎవరిని అడగాలి?

ప్రశ్న – తూర్పు ప్రహరీ

అందరికీ నమస్కారం. మల్కాజిగిరిలో రెండు వందల గజాల స్థలంలో మాకు పాత ఇల్లు ఉన్నది. 1988లో గృహప్రవేశం జరిగిన ఏడాదే మా నాన్నగారు తూర్పు ప్రహరీ గోడకు నాలుగడుగుల దూరంలో ఒక వేపమొక్క నాటారు. అది ఇప్పుడు మేడ ఎత్తు దాటి, పక్కింటి డాబా మీదికి కొమ్మలు చాచింది. నాన్నగారు కాలం చేసి ఆరేళ్ళయింది. ప్రతి ఉగాదికి అమ్మ ఆ చెట్టు పువ్వుతోనే పచ్చడి చేస్తుంది.

ఈ వేసవిలో వచ్చిన గాలివానకు ఒక పెద్ద కొమ్మ విరిగి పక్కింటివారి నీళ్ళ ట్యాంకు మీద పడింది. ట్యాంకు ఖర్చు మేమే భరించాము. ఆ ఇంటి పెద్దాయనను నేను చిన్నప్పటి నుంచి బాబాయి అనే పిలుస్తాను, ఆయనకు మా కుటుంబం మీద ఎటువంటి కోపమూ లేదు. అయితే వారి ఇంట్లో ఇప్పుడు నెలల పసిపాప ఉన్నది. చెట్టు తమ వైపు ఒరిగిందని, వచ్చే వర్షాకాలం లోపల మొదలంటా కొట్టించమని ఆయన కాగితం మీద రాసి, సంతకం పెట్టి మా చేతికిచ్చారు. దీనికి తోడు వేర్లు తగిలి ప్రహరీ గోడ పగిలింది, డ్రైనేజీ పైపులో వేర్లు దూరి రెండుసార్లు నీరు వెనక్కి తన్నింది.

నేను ఒక కార్యాలయానికి వెళ్ళి అడిగితే, మీ స్థలంలో మీ చెట్టు, మాకేమీ సంబంధం లేదన్నారు. మరొక చోట అడిగితే, ముట్టుకుంటే కేసవుతుందన్నారు. ఈలోగా కట్టెల వ్యాపారం చేసే ఒకతను వచ్చి, కలప తనకు వదిలేస్తే కూలి లేకుండా ఆదివారం తెల్లవారుజామున కొట్టుకుపోతానంటున్నాడు. ఆదివారమే ఎందుకని అడిగితే, ఆ రోజు ఎవరూ రారు కదా అన్నాడు. ఆ మాటతో నాకు అనుమానం వచ్చింది.

అనుమతి నిజంగా ఎవరు ఇవ్వాలి? కొమ్మలు మాత్రమే తీయించినా అనుమతి కావాలా? బాబాయిగారు తమ వైపు వచ్చిన కొమ్మలను తామే నరికించుకోవచ్చా? రేపు చెట్టు కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు – రేంజి పాత ఉద్యోగి

అమ్మా, ఆదివారం వస్తానన్న మనిషిని ముందు వద్దనండి. మిగతా సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నేను అటవీ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు విన్న రెండు మాటలలో మొదటిది తప్పు, రెండవది సగం నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అనే చట్టం, తెలంగాణలోనూ అమలులో ఉన్నది. ఆ చట్టం ప్రకారం చెట్టు ఎవరి స్థలంలో ఉన్నా, ముందుగా అనుమతి తీసుకోకుండా నరకరాదు. యజమానికి కూడా మినహాయింపు లేదు. సుబాబుల్, నీలగిరి, సరుగుడు వంటి తోటల జాతులకు సడలింపు ఉన్నది గాని, వేపకు అది వర్తించదు.

ఆ అనుమతి ఇచ్చేది అటవీ శాఖ. ఇక్కడే నగరవాసులు చాలామంది దారి తప్పుతారు. చెట్టు నగరంలో ఉన్నది కాబట్టి బల్దియా, అంటే నగరపాలక సంస్థ, అనుమతి చాలునని అనుకుంటారు. బల్దియాలో చెట్లూ పార్కులూ చూసుకునే అర్బన్ బయోడైవర్సిటీ విభాగం ఉన్నమాట నిజమే. రోడ్డు మీదికి వచ్చిన కొమ్మలు, కూలిన చెట్లు, వీధిలో నాటిన మొక్కలు వారి పని. మీ ప్రహరీ లోపలి చెట్టును మొదలంటా తీయడానికి మాత్రం జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్ళాలి. జిల్లా అంటే హైదరాబాదు జిల్లా అని అనుకోకండి. నగరం హైదరాబాదు జిల్లాను దాటి రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాలలోకి విస్తరించింది. మీది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది. వనస్థలిపురంలో ఉన్నవారు రంగారెడ్డి వైపు చూసుకోవాలి. సికింద్రాబాదు కంటోన్మెంటు పరిధిలో ఉన్నవారు బల్దియా బదులు కంటోన్మెంటు బోర్డుతోనూ మాట్లాడుకోవాలి. నేను ఉద్యోగంలో ఉండగా కేవలం తప్పు జిల్లా కార్యాలయంలో ఇచ్చినందువల్ల నెలల తరబడి కదలని దరఖాస్తులను చూశాను.

దరఖాస్తుతో పాటు ఇంటి పత్రాల నకలు, ఆస్తి పన్ను రసీదు, చెట్టును నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, గోడ నుంచీ ఇంటి నుంచీ చెట్టు ఎంత దూరమో చూపే చిన్న చిత్రం జతచేయండి. బాబాయిగారు రాసిచ్చిన కాగితం నకలు కూడా తప్పక పెట్టండి. అది మీకు వ్యతిరేకమైన కాగితమని భయపడవద్దు. ప్రమాదం ఉన్నదని మీరు దాచలేదనడానికి అదే సాక్ష్యం. సిబ్బంది వచ్చి మాను చుట్టుకొలత తీసుకుంటారు, పరిస్థితి చూసి నివేదిక రాస్తారు. చెట్టు ఎండిపోయినా, తెగులుతో పుచ్చిపోయినా, ప్రాణానికి గాని ఆస్తికి గాని ప్రమాదంగా మారినా అనుమతి దొరుకుతుంది. బదులుగా మొక్కలు నాటి పెంచాలన్న షరతు దానికి తోడుగా ఉంటుంది. ఆ షరతును కాగితం మీది మాటగా తీసుకునేవారంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అనుమతి లేకుండా కొడితే ఏమవుతుందో చెప్పడానికి మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 2021 ఫిబ్రవరిలో సైదాబాదులో కొత్త కట్టడం కోసం నలభై ఏళ్ళు దాటిన ఒక వేపచెట్టును రాత్రికి రాత్రి కొట్టించారు. ఎనిమిదో తరగతి చదివే ఒక బాలుడు అటవీ శాఖకు ఫోను చేసి చెప్పాడు. అధికారులు వచ్చి చూసి 62,075 రూపాయల జరిమానా విధించారు. మీ ఇంటి ముందు కూడా అటువంటి పిల్లలు తిరుగుతూనే ఉంటారు, ఉండాలి కూడా.

ఇక కొమ్మల సంగతి. ఎండుకొమ్మలు తీయడం, డాబాకు తగిలే కొమ్మలను పద్ధతిగా తగ్గించడం ఒకటి. కొమ్మలన్నీ నరికి మోడు మిగల్చడం, మొదట్లో బెరడు వలయంగా చెక్కడం, యాసిడ్ పోయడం వేరొకటి. చెట్టు చచ్చేటట్లు ఏది చేసినా అది నరకడం కిందికే వస్తుంది. మీరు దరఖాస్తు ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి, కొమ్మల విషయం కూడా అందులోనే రాయండి. తరువాత ఎవరు ఫిర్యాదు చేసినా మీ చేతిలో కాగితం ఉంటుంది.

జవాబు – దిల్‌సుఖ్‌నగర్ నివాసి

నాకు ఒక సందేహం ఉన్నది, కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నాను. కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల కోసం ప్రభుత్వం యంత్రాలు పెట్టి చెట్లు కూల్చినప్పుడు లేని నియమాలు, ఇంట్లో పసిపాప ఉన్నదని భయపడే కుటుంబానికి మాత్రమే ఎందుకు? సామాన్యుడు ఒక్క చెట్టు కోసం ఇన్ని కార్యాలయాలు తిరగాలా?

జవాబు – రేంజి పాత ఉద్యోగి

మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. అయితే ఆ ఉదాహరణ మీరనుకున్న వైపు నిలవదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తనంతట తానే చేపట్టి చెట్ల నరికివేతను ఆపించింది. తగిన అనుమతులు తీసుకున్నారా అని ప్రభుత్వాన్నే నిలదీసింది. అంటే చెట్టు కొట్టే ముందు అడగాలన్న మాట పెద్దవారికి కూడా వర్తిస్తుందని తేలింది. అక్కడ అడగలేదు కాబట్టి ఇక్కడా అడగనక్కరలేదని మనం అనుకుంటే, రెండు చోట్లా నష్టపోయేది చెట్టే. కార్యాలయాల మధ్య తిప్పడం మాత్రం తప్పే, దాన్ని నేను సమర్థించను. ఎక్కడ దరఖాస్తు ఇవ్వాలో ప్రతి వార్డు కార్యాలయంలోనూ ఒక్క పలక మీద రాసిపెడితే సగం తిరుగుడు తప్పుతుంది.

జవాబు – సివిల్ న్యాయవాది

మీ చివరి రెండు ప్రశ్నలకు మాత్రమే జవాబిస్తాను.

పొరుగువారి చెట్టు కొమ్మలు తన స్థలం మీదికి వస్తే, తన హద్దు వరకు వాటిని తొలగించుకునే హక్కు స్థలం యజమానికి ఉన్నదని సివిల్ న్యాయం చాలాకాలంగా అంగీకరిస్తున్నది. కాని ఆ హక్కు హద్దు గీత దగ్గర ఆగిపోతుంది. మీ స్థలంలోకి వచ్చి కొట్టడానికి గాని, చెట్టు బతకలేనంతగా కొట్టడానికి గాని అది అనుమతి కాదు. పైన పెద్దలు చెప్పిన వాల్టా నియమం ఆయనకు కూడా వర్తిస్తుంది. ఒకే వైపు కొమ్మలన్నీ తెగితే చెట్టు బరువు తప్పి రెండవ వైపు, అంటే మీ ఇంటి మీదికి, పడే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి, ఇది ఇద్దరూ కలిసి చేయించవలసిన పని.

బాధ్యత విషయంలో బాబాయిగారి కాగితం చాలా ముఖ్యమైనది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు అనుకోని తుఫానుకు కూలడం వేరు, ప్రమాదం ఉన్నదని లిఖితపూర్వకంగా తెలిసిన తరువాత కూడా యజమాని ఏమీ చేయకపోవడం వేరు. రెండవ సందర్భంలో నష్టపరిహారం కోరితే, మాకు తెలియదని చెప్పుకునే వీలు మీకుండదు. అందువల్ల ఆ కాగితానికి వారం లోపల మీరు కూడా రాతపూర్వకంగా జవాబివ్వండి. దరఖాస్తు ఏ తేదీన ఇచ్చారో, చెట్టును ఎవరికి చూపించారో, ఈలోగా ఏ జాగ్రత్త తీసుకుంటున్నారో అందులో రాయండి.

ఇద్దరి మధ్య మాట కుదరకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవడం మంచిది. కూలే స్థితిలో ఉన్న కట్టడం గాని చెట్టు గాని దారిన పోయేవారికో ఇరుగుపొరుగుకో ప్రమాదమైతే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. అందులో చెట్టును తొలగించమనే మాటతో పాటు, దానికి ఊతం ఏర్పాటు చేయమనే మాట కూడా ఉన్నది. నా దగ్గరికి వచ్చే కక్షిదారులలో ఈ రెండవ మాటను చదివినవారు నాకింతవరకు ఎదురుకాలేదు. చట్టమే ఊతం గురించి ఆలోచించినప్పుడు, మనం గొడ్డలి దగ్గరే మొదలుపెట్టనవసరం లేదు.

జవాబు – ఉద్యానవనాల పని చేసేవాడు

కొట్టాలా వద్దా అన్నది తేల్చే ముందు ఒరిగింది అన్న మాటను సరిగ్గా పరిశీలించాలి. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, మన్నించండి.

గోడ పక్కన నాటిన మొక్క వెలుతురు కోసం మొదటి నుంచీ బయటికి వంగి పెరుగుతుంది. అటువంటి చెట్టు మానును చూస్తే, అడుగున వంగి పైకి వెళ్ళేకొద్దీ మళ్ళీ నిలువుగా తిరిగి ఉంటుంది. అది ముప్పై ఏళ్ళుగా తన బరువుకు తగినట్టు వేర్లు దిట్టం చేసుకున్న చెట్టు, ఆ వంపు చూసి భయపడనక్కరలేదు. నిన్నటిదాకా నిలువుగా ఉండి ఈ గాలివాన తరువాత వంగితే సంగతి వేరు. అప్పుడు ఒరిగిన వైపుకు ఎదుటి పక్క, అంటే మీ ఇంటి వైపు, మొదట్లో నేల ఉబ్బి పగుళ్ళిచ్చి ఉంటుంది. అలా కనిపిస్తే ఆ రోజే అధికారులకు చెప్పాలి, దరఖాస్తు వరుస కోసం ఆగరాదు. మీరు పాత ఫొటోలు వెతికి, ఇంటి మూలతో పోల్చి చూడండి. పదేళ్ళ క్రితం నాటి ఉగాది ఫొటో ఒక్కటి దొరికినా చాలు.

తరువాత మానును చెక్క సుత్తితో చుట్టూ తట్టి చూడాలి. గట్టి కర్రకూ లోపల పుచ్చిన కర్రకూ శబ్దం తేడా ఎవరికైనా తెలుస్తుంది. మొదట్లో అరచేతి వంటి గట్టి పుట్టగొడుగులు మొలిచి ఉంటే లోపల కుళ్ళు ఉన్నట్టే. రెండు పెద్ద కొమ్మలు ఇరుకు కోణంలో కలిసే చోట బెరడు లోపలికి ముడుచుకుపోయి ఉంటే, గాలికి విరిగేది అక్కడే. మీ ట్యాంకు మీద పడిన కొమ్మ ఎక్కడ నుంచి విరిగిందో చూడండి. చెట్టు బలహీనత ఏమిటో ఆ గాయమే చెబుతుంది.

చిగుళ్ళు ఎండిపోయి కనిపిస్తే చెట్టు చచ్చిపోయిందని తొందరపడకండి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు చివర్ల నుంచి మాడిపోయి మోడుల్లా కనిపించాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అది, దానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైంది. చచ్చాయనుకుని కొందరు కొట్టించేశారు. కొట్టనివారి చెట్లు చాలావరకు తరువాతి నెలల్లో మళ్ళీ చిగిర్చాయి. మా వీధిలో అలా అనవసరంగా పోయిన రెండు వేపలు నాకు ఈనాటికీ గుర్తొస్తాయి.

మన నగరం కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన మట్టి పలుచన కాబట్టి చాలా చోట్ల వేరు లోతుకు పోలేక పక్కలకు పాకుతుంది. ఆ పక్కవేర్ల మీదే చెట్టు నిలబడుతుంది. టైల్స్ వేయడానికో, కేబుల్ వేయడానికో వాటిని నరికితే, చెట్టు బయటికి పచ్చగానే ఉంటుంది గాని మొదటి పెద్ద గాలికే పడిపోతుంది. ముఖ్యంగా చెట్టు ఒరిగిన దిక్కుకు ఎదురుగా ఉన్న వేర్లను ఎన్నడూ ముట్టుకోరాదు, మోకులా చెట్టును వెనక్కి పట్టి ఉంచేవి అవే. మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే వెంటనే పగలగొట్టించండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు దూరం వరకు కాంక్రీటు తీసివేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన ఇళ్ళలో దానికి ఎవరి ఆదేశమూ అవసరం లేదు.

కొమ్మలు తీయించేటప్పుడు తలనరుకుడు వద్దు. తల నరికిన వేప కోపం తెచ్చుకున్నట్టు ఒకే చోట నుంచి పది రెమ్మలు వేస్తుంది, అవి పట్టు లేనివి, మూడేళ్ళకు విరిగి పడేవి అవే. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదు. పెద్ద కొమ్మను ముందు కింది నుంచి కొంత కోసి, తరువాత దానికి కాస్త అవతల పై నుంచి కోసి, చివరగా మానుకు ఆనుకున్న మెడను, అంటే కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని, వదిలి మిగిలిన మోడును కోస్తే బెరడు చీలదు. కోసిన చోట తారు పూయడం అనవసరం, చెట్టు తన గాయం తానే మూసుకుంటుంది. కొమ్మల మధ్య కాకిగూడు గాని పావురం గూడు గాని ఉంటే పిల్లలు ఎగిరేదాకా ఆగండి.

వేరే చోటికి తరలించడం గురించి ఎవరైనా సలహా ఇస్తే, ఈ చెట్టుకు అది కుదరదు. గోడకు నాలుగడుగుల దూరంలో వేర్ల బంతిని చుట్టూ తవ్వే చోటే ఉండదు, క్రేను తిరిగే దారీ ఉండదు.

జవాబు – కట్టడాల ఇంజనీరు

గోడ, పైపు విషయంలో ఒక మాట. మంచి పైపును వేరు పగలగొట్టదు. అతుకు దగ్గర కారే పైపులోకే తడి వెతుక్కుంటూ వెళుతుంది. 1988 నాటి ఇల్లంటే డ్రైనేజీకి సిమెంటు అతుకులున్న స్టోన్‌వేర్, అంటే కాల్చిన మట్టి, పైపులే వేసి ఉంటారు. చెట్టును తీసేసినా ఆ అతుకులు కారుతూనే ఉంటాయి. ఆ భాగం వరకు పాతవి తీసి అతుకు తక్కువగా ఉండే పీవీసీ పైపు వేయించండి, వీలైతే చెట్టుకు దూరంగా తిప్పండి.

పగిలిన చోట ప్రహరీని మొత్తం కూల్చవలసిన పని లేదు. వేరుకు అటూ ఇటూ చిన్న పునాదులు వేసి, వాటి మీద ఆర్‌సీసీ దూలం పెట్టి, వేరు పైన జానెడు ఖాళీ వదిలి గోడ కట్టవచ్చు. అల్వాల్‌లో ఒక ఇంట్లో ఈ విధంగా కట్టి పన్నెండేళ్ళయింది, చింతచెట్టూ గోడా రెండూ బాగున్నాయి.

ప్రశ్న అడిగినవారి జవాబు – తూర్పు ప్రహరీ

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను.

కట్టెల మనిషిని రావద్దని చెప్పేశాము. దరఖాస్తును మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కార్యాలయంలోనే ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకున్నాము. నాన్నగారు ఉన్నప్పుడు తీసిన పాత ఫొటో ఒకటి దొరికింది. అందులో అమ్మ అదే చెట్టు కింద చాటలో పువ్వు ఏరుతూ కూర్చున్నది, మాను అప్పుడూ ఇంతే వంగి ఉన్నది. ఆ ఫొటోను బాబాయిగారికి తీసుకువెళ్ళి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఈ చెట్టు మొదటి నుంచీ మా వైపే వంగి ఉన్నదమ్మా, నేనే మరిచిపోయాను అన్నారు. అయినా పాప పడుకునే గది ఆ వైపే ఉన్నదన్న భయం ఆయనకు పోలేదు, అది సహజమే కూడా.

సిబ్బంది వచ్చి చూశారు. చెట్టు మొదట్లో పుచ్చు లేదని, నేల ఉబ్బలేదని అన్నారు. విరిగిన కొమ్మ పక్కనే ఇరుకు కోణంలో ఉన్న మరొక కొమ్మను, డాబా మీది మూడు కొమ్మలను తీయించుకోవచ్చునన్నారు, మొదలు కొట్టవలసిన అవసరం లేదని రాశారు. ఆ రాతకాగితం నకలు జతచేసి బాబాయిగారికి జవాబిచ్చాము. కొమ్మలు తీసే రోజు ఇద్దరి ఇళ్ళవాళ్ళమూ దగ్గరుంటామని కూడా అందులో రాశాము.

వీధి కరెంటు తీగ ఒక కొమ్మకు ఆనుకుని ఉన్నందువల్ల, ఆ గంటసేపు సరఫరా ఆపమని విద్యుత్ సంస్థ లైన్‌మన్‌ను అడిగాము, గురువారం ఉదయానికి ఒప్పుకున్నారు. పైపు పని దాని తరువాత మొదలవుతుంది. గోడకు దూలం వేసే పద్ధతి గురించి మా మేస్త్రీకి ఎంత చెప్పినా అర్థం కావడం లేదు, ఇంజనీరుగారు దయచేసి ఒక చేతిగీత చిత్రం ఇక్కడ పెట్టగలరా?